సీజర్‌కి టై కట్టిందెవరు?

న్యూజెర్సీ_నరసు | శుక్రవారం రాత్రి 9:12

మా పిన్ని కొడుకు విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కాలేజీ వార్షికోత్సవానికి షేక్‌స్పియర్ నాటకం జూలియస్ సీజర్ వేస్తున్నారట, తెలుగులో. సీజర్‌కి తెల్లచొక్కా, జేబులో పెన్ను, చుట్టూ నలుగురు గన్‌మెన్లు. "ఎవరో చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుందన్నయ్యా" అని ఫోన్లో ఒకటే సంబరం. వాడికి ఏం చెప్పాలో తెలీక ఇక్కడ అడుగుతున్నాను.

ఎందుకంటే ఇలాంటిది నేను ఒకసారి చూశాను. 2017లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో, పబ్లిక్ థియేటర్ వాళ్ళు వేసిన సీజర్. టికెట్ ఉచితమే కానీ పొద్దున్నే వెళ్ళి లైన్లో కూర్చోవాలి. పులిహోర డబ్బా పట్టుకుని వెళ్ళాం నేనూ మా ఆవిడా. దర్శకుడు ఆస్కర్ యూస్టిస్. సీజర్ వేషం వేసిన గ్రెగ్ హెన్రీకి పసుపు జుట్టు, బెల్టు దాటి కిందికి వేలాడే టై. భార్య కల్పూర్నియా మాటల్లో తూర్పు యూరప్ యాస. ఆ సీజర్ ఎవరో పక్కవాణ్ణి అడగాల్సిన పని లేదు.

మాటలు మాత్రం షేక్‌స్పియర్‌వే. నేను పట్టుకున్న చేర్పు ఒక్కటే. సీజర్ తమ కన్నతల్లుల్ని పొడిచినా ఈ జనం క్షమించేస్తారు అని కుట్రదారుల్లో ఒకడైన కాస్కా అంటాడు కదా, అక్కడ "ఫిఫ్త్ ఎవెన్యూ మీద" అని కలిపారు. నడిరోడ్డు మీద ఎవరినైనా కాల్చినా నా ఓట్లు తగ్గవు అని 2016 జనవరిలో ట్రంప్ అన్నది కూడా ఆ రోడ్డు పేరు చెప్పే. జనం ఘొల్లుమన్నారు.

తర్వాత హత్య. అప్పటిదాకా నవ్విన వాళ్ళం గప్‌చిప్. ఇంతలో మా వరసలో ఒకాయన లేచి అరవడం మొదలుపెట్టాడు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చూస్తే ఆయన నటుడు! రోమ్ జనంలో కొందరిని ప్రేక్షకుల మధ్యే కూర్చోబెట్టారు. తర్వాత కొద్ది రోజులకి నిజం నిరసనకారులే స్టేజీ ఎక్కారు. డెల్టా ఎయిర్‌లైన్స్, బ్యాంక్ ఆఫ్ అమెరికా డబ్బు వెనక్కి తీసుకున్నాయి. యూస్టిస్ చెప్పుకున్నది ఏమిటంటే, ప్రజాస్వామ్యాన్ని కత్తితో కాపాడబోయినవాళ్ళు దాన్నే పోగొట్టుకుంటారని ఈ నాటకం చెప్తుంది, హత్యని మెచ్చుకోదు అని. నిజమే, మూడో అంకం తర్వాత, సీజర్‌ని పొడిచినవాళ్ళలో ఒకడైన బ్రూటస్ బతుకు చూస్తే అదే. కానీ టీవీలో చూపించింది పొడిచిన ఆ ఒక్క నిమిషమే.

తమ్ముడికి వద్దని చెప్పనా, కానివ్వమననా?

సందేహాల_శంకరం | రాత్రి 9:40

వద్దనండి. దిష్టిబొమ్మ తగలబెట్టాలని ఉంటే జంక్షన్లో తగలబెట్టుకోమనండి, మధ్యలో షేక్‌స్పియర్ ఎందుకు?

నాది చాదస్తం అనుకున్నా సరే. సీజర్ మంచివాడా చెడ్డవాడా అన్నది తేల్చకపోవడంలోనే ఆ నాటకం బలం ఉంది. కిరీటం ఇస్తే మూడుసార్లు వద్దంటాడు. నిజంగా వద్దనుకున్నాడా, నటించాడా? వీలునామాలో జనానికి డబ్బు రాసి పోతాడు. ప్రేమా, ఎత్తుగడా? నాటకం చూసి ఇంటికెళ్ళి కూడా తేల్చుకోలేం. అదే సీజర్‌కి టై కట్టారనుకోండి, వాడు నోరు తెరవక ముందే హాల్లో సగంమంది తేల్చేసుకుంటారు. మిగతా సగం కుర్చీలోంచి లేస్తారు. సొంతంగా చెప్పాలని ఉంటే సొంత నాటకం రాయొచ్చుగా. అద్దె ఇంట్లో దిగి గోడలు కూలగొట్టడం ఏమిటి?

తెరచాటు | రాత్రి 10:05

శంకరం గారూ, సీజర్‌కి కొత్త బట్టలు తొడిగిన మొదటివాడు యూస్టిస్ కాదు. 1937 నవంబరులో న్యూయార్క్‌లోనే ఆర్సన్ వెల్స్ వేశాడు, మెర్క్యురీ థియేటర్ తరఫున. అప్పటికి వెల్స్ వయసు 22. సీజర్ మనుషులకి ముసోలినీ సైన్యం లాంటి యూనిఫారాలు, సెల్యూట్లు. సెట్టు లేదు, స్టేజీ వెనక ఇటుకగోడకే ఎర్రరంగు. లైట్లు కింద నేలలోంచి నిటారుగా పైకి, నాజీల న్యూరెంబర్గ్ సభల్లో స్తంభాల్లా నిలబెట్టినట్టు. చివరి రెండు అంకాల్లో యుద్ధాలన్నీ తెగ్గోసి గంటన్నరలో ముగించాడు.

మీరనే 'తేల్చకపోవడం' అందులో పోయిందా? సీజర్ విషయంలో పోయిందనే ఒప్పుకుంటా. కానీ ఒక సీను బతికొచ్చింది. సిన్నా అనే కవి రోడ్డు మీద పోతుంటే, కుట్రదారుల్లో ఒకడి పేరు కూడా సిన్నాయే అని జనం పట్టుకుంటారు. నేను ఆ సిన్నాని కాదు బాబూ, కవిని అంటాడు. అయితే నీ చెత్త కవిత్వానికి చంపుతాం అంటారు. చాలామంది దర్శకులు నిడివి కోసం ఎగరగొట్టే సీను ఇది. వెల్స్ దీన్ని నాటకానికి గుండెకాయ చేశాడు. సిన్నాగా నార్మన్ లాయిడ్. జేబుల్లోంచి కవితల కాగితాలు తీసి, ఇవి నావేనండీ అని ఒక్కొక్కళ్ళకీ చూపిస్తుంటాడు. మనుషులు చుట్టూ దగ్గరికి, ఇంకా దగ్గరికి జరుగుతారు. ఆ గుంపులో మనిషి మాయం.

షేక్‌స్పియర్ రాసిందే. 1937లో యూరప్‌లో ఏం జరుగుతోందో పేపర్లో చదివి వచ్చినవాళ్ళకి అందులో కొత్తగా చెప్పాల్సింది ఏముంది? మీరనే రాజకీయ ఉద్దేశమే ఆ సీనుని అటక మీంచి దింపింది.

నరసు గారూ, తమ్ముడికి ఒక ముక్క. వెల్స్ బ్రూటస్ వేస్తూ నిజం కత్తి వాడి, ఒకరోజు సీజర్ వేషధారిని నిజంగానే పొడిచేశాడు. పాపం ఆయన ఆస్పత్రి పాలయ్యాడు. కాలేజీ కుర్రాళ్ళు, జాగ్రత్త.

కరీంనగర్_పోరడు | రాత్రి 10:11

తమ్ముని నాటకంకన్నా ముందు ప్రిన్సిపాల్‌కు గుండెనొప్పి వస్తదేమో అన్నా 😀

లలిత_కాకినాడ | రాత్రి 11:30

ఇంగ్లీషు లెక్చరర్ని. ఆలస్యంగా వచ్చాను కాబట్టి ఇంకొంచెం వెనక్కి తీసుకెళ్తాను. షేక్‌స్పియర్ బతికుండగానే ఆయన నాటకాన్ని ఇలా వాడుకున్నారు.

1601 ఫిబ్రవరి 7. ఎసెక్స్ ప్రభువు అనుచరులు షేక్‌స్పియర్ కంపెనీ దగ్గరికొచ్చి రిచర్డ్ 2 వేయమన్నారు. రాజుని గద్దె దింపి చంపే నాటకం. నటులు, అది పాతబడిపోయిందండీ, జనం రారు అన్నారు. మామూలుగా వచ్చేదాని మీద 40 షిల్లింగులు ఎక్కువ ఇస్తామన్నారు వాళ్ళు. వేశారు. మర్నాడే ఎసెక్స్ ఎలిజబెత్ రాణి మీద తిరుగుబాటుకి దిగాడు. లండన్ జనం కలిసి రాలేదు, సాయంత్రానికి అంతా అయిపోయింది. విచారణలో కంపెనీ తరఫున ఆగస్టిన్ ఫిలిప్స్ వెళ్ళి చెప్పింది ఈ డబ్బుల లెక్కే. శిక్ష పడలేదు. ఎసెక్స్ తల నరకడానికి ముందురోజు అదే కంపెనీ రాణిగారి ముందు నాటకం ఆడింది!

చూడండి, ఇక్కడ వేషం మార్చలేదు, మాట మార్చలేదు. మార్చింది తేదీ ఒక్కటే. రాజుని దించే సీను ఎలిజబెత్ కాలంలో అచ్చయిన పుస్తకాల్లో కనబడదు. ఆవిడ పోయాక 1608 ప్రతిలో గానీ రాలేదు. కాబట్టి శంకరం గారూ, పాఠాన్ని ఉన్నదున్నట్టు వేస్తే రాజకీయం అంటదు అనే మాట నాకు నమ్మబుద్ధి కాదు.

సందేహాల_శంకరం | శనివారం పొద్దున 7:20

రాత్రి నిద్ర పట్టలేదు మీవల్ల. అందరూ మీకు నచ్చిన ఉదాహరణలే తెస్తున్నారు. ఫాసిజానికి వ్యతిరేకంగా వాడితే ఆహా అంటాం. మరి ఇది?

1943, వియన్నా, బుర్గ్ థియేటర్. 'వెనిస్ వర్తకుడు'. ఊళ్ళో యూదుల్ని రైళ్ళెక్కించి పంపేసిన తర్వాత, అక్కడి నాజీ పాలకుడు షిరాఖ్ చెప్పి వేయించిన నాటకం. అందులో యూదు వడ్డీ వ్యాపారి షైలాక్‌గా వెర్నర్ క్రాస్, గొప్ప నటుడే, యూదు అంటే జనానికి అసహ్యం పుట్టేలా చేశాడు. నాజీలకి ఈ నాటకంలో ఒక చిక్కొచ్చింది. షైలాక్ కూతురు జెస్సికా క్రైస్తవుణ్ణి పెళ్ళి చేసుకుంటుంది. వాళ్ళ చట్టం ప్రకారం అది నేరం! అందుకని ఆ కాలంలో కొన్నిచోట్ల జెస్సికా షైలాక్ సొంత కూతురు కాదు, పెంపుడు పిల్ల అని కథ మార్చేశారు. ఇది కూడా 'కాలానికి తగ్గట్టు' వేయడమే. వెల్స్‌కి ఉన్న హక్కు వీళ్ళకి లేదని ఏ సూత్రం ప్రకారం చెప్తారు?

తెరచాటు | 8:02

సూత్రం లేదు. వెల్స్ ఎవరి మీదకి వేలు చూపించాడు, క్రాస్ ఎవరి మీదకి చూపించాడు అన్నదే చూస్తాను. ఒకడు గద్దె మీద ఉన్నవాణ్ణి, ఇంకోడు రైలు పెట్టెలో ఉన్నవాణ్ణి.

సందేహాల_శంకరం | 8:09

అది మీ ఇష్టాయిష్టాల సంగతి అయింది గానీ నాటకం సంగతి కాలేదు. అయినా మాట బాగా చెప్పారు, కాదనను.

లలిత_కాకినాడ | 8:31

అదే నాటకానికి ఇంకో ప్రయాణం కూడా ఉంది. టాంజానియా అధ్యక్షుడు జూలియస్ న్యెరెరె స్వయంగా స్వాహిలీలోకి అనువదించాడు, 1969లో. పేరు 'మబెపారి వా వెనీసి', అంటే వెనిస్ పెట్టుబడిదారులు. ఉత్త వర్తకుడు కాస్తా పెట్టుబడిదారులయ్యాడు, అదీ బహువచనంలో! వడ్డీ వ్యాపారి షైలాక్‌నీ, అతని దగ్గర అప్పు తీసుకున్న వర్తకుడు ఆంటోనియోనీ ఒకే గాటన కట్టేశాడు. ఒక్క పేరు మార్పుతో అంత పని. అంతకుముందు 1963లో సీజర్‌ని కూడా అనువదించాడు ఆయన. దేశాన్ని నడుపుతూ రాత్రిళ్ళు షేక్‌స్పియర్ తిరగేసిన నాయకుడంటే నాకు కొంచెం అసూయ.

వార్సా_వాసి | మధ్యాహ్నం 1:15

అందరికీ నమస్తే. ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదలు. ఆరేళ్ళుగా పోలండ్‌లో ఉద్యోగం. నా బస్సు రోజూ ఒక విగ్రహం పక్కనుంచి పోతుంది. ఆదామ్ మిత్స్‌కేవిచ్, వీళ్ళ మహాకవి. మీరంతా దర్శకుడి ఉద్దేశం, దర్శకుడి ఉద్దేశం అంటుంటే ఈ విగ్రహం కథ చెప్పాలనిపించింది.

ఆయన నాటకం 'జాది'. పేరుకి అర్థం చనిపోయిన పెద్దల్ని తలుచుకునే రోజు, మన పెద్దల అమావాస్య లాంటిది. రష్యా జార్ చేతుల్లో పోలండ్ నలిగిన కాలంలో, 1832 ప్రాంతంలో, అందులో మూడో భాగం రాశాడు. జార్ జైల్లో కుర్రాళ్ళు, వాళ్ళ తల్లులు, దేవుణ్ణే నిలదీసే కవి. ఇక్కడ బళ్ళో చదవని పిల్లాడు ఉండడు.

1967 నవంబరు 25న వార్సా నేషనల్ థియేటర్లో కజిమేష్ దెయ్‌మెక్ అనే దర్శకుడు దీన్ని వేశాడు. ఆయన, మాస్కో చెప్పుచేతల్లో అప్పుడు దేశాన్నేలుతున్న కమ్యూనిస్టు పార్టీ మెంబరు. వేసిన సందర్భం ఏమిటో తెలుసా? రష్యాలో అక్టోబరు విప్లవానికి 50 ఏళ్ళు నిండిన పండగ! అంటే రష్యా వాళ్ళని సంతోషపెట్టే లిస్టులో ఉన్న నాటకం. ఎవరికీ టై కట్టలేదు. కానీ హాల్లో కూర్చున్నవాళ్ళు మాస్కో మీద దెప్పుడు మాట వచ్చినప్పుడల్లా చప్పట్లు. జార్ మనుషుల్ని చూస్తూ తమని అప్పుడు ఏలుతున్న పెద్దల్ని తలుచుకున్నారు. ప్రభుత్వానికి చెమటలు. 1968 జనవరి 30 చివరి ఆట అని ఆర్డరు వేసింది. ఆ రాత్రి హాలు కిక్కిరిసింది. ఆట అయ్యాక విద్యార్థులు బ్యానరు పట్టుకుని ఈ విగ్రహం దాకా ఊరేగింపుగా వచ్చారు. ఇంకా ఆటలు కావాలి అన్నదే వాళ్ళ డిమాండు. అంతే, నాటకం ఆడనివ్వండి అని! పోలీసులు లాఠీలు తీశారు. ఇద్దరు విద్యార్థుల్ని యూనివర్సిటీ నుంచి తీసేశారు. దాని మీద మార్చి 8న సభ, మళ్ళీ లాఠీలు, ఊరూరా గొడవలు. ప్రభుత్వం నెపాన్ని యూదుల మీదకి నెట్టింది, వేలమంది దేశం వదిలిపోవాల్సి వచ్చింది. దెయ్‌మెక్ పదవీ పోయింది, పార్టీ సభ్యత్వమూ పోయింది.

ఆయన మనసులో ఏముందో ఇప్పటికీ వాదించుకుంటారు. నా పోలిష్ కొలీగ్ వాళ్ళ అమ్మమ్మ ఆ ఆటల్లో ఒకటి చూసిందట. స్టేజీ మీద ఏం జరిగిందో సరిగా గుర్తులేదు గానీ, చప్పట్లు కొడుతూ పక్కన ఎవరున్నారో అని దొంగచూపులు చూసుకోవడం మాత్రం బాగా గుర్తంటుంది.

న్యూజెర్సీ_నరసు | 2:40

వార్సా గారూ, మొదటి పోస్టే ఇలా ఉంటే ఇన్నాళ్ళూ ఎందుకు దాక్కున్నారండీ!

కరీంనగర్_పోరడు | 3:05

మస్తు చెప్పినవ్ అన్నా. అంటే వేసేటోడు ఏమన్నా అనుకోనీ, చూసేటోళ్ళు తమకు కావల్సింది ఏరుకుంటరు. మరి మన చింతామణి సంగతేంది? ఆంధ్రల 2022 జనవరిల బందు పెట్టిన్రు గదా. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యావృత్తి మీద రాసిన నాటకం, వందేండ్లు ఆడింది. అప్పుడు లేని నొప్పి ఇప్పుడెట్ల వచ్చింది? ఓట్లేనా?

సందేహాల_శంకరం | 3:22

ఓట్లు లేవని నేను చెప్పను. కానీ ఆపమని అడిగిన ఆర్యవైశ్యుల బాధని అంత తేలిగ్గా తీసెయ్యకండి. అందులో వాళ్ళ కులం వాడైన సుబ్బిశెట్టి పాత్రని స్టేజీ మీద ఏం చేశారో నేను కళ్ళారా చూశాను. పుస్తకంలో లేని బూతులు, మనిషి రూపం మీద వెకిలి జోకులు, గంటలు గంటలు. మా క్లాసులో ఒక శెట్టిగారబ్బాయిని ఆ పేరు పెట్టి పిలిచి ఏడిపించేవాళ్ళు. పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కరీంనగర్_పోరడు | 3:30

అయితే బూతులు తీసేయమనాలె గాని నాటకం మొత్తం ఆపుడేంది? ఎలుకలున్నయని ఇంటికి అగ్గి పెడ్తమా?

నిర్వాహకుడు | 3:41

ఇద్దరికీ మనవి. కులాల పేర్లతో దిగిన పాత చర్చ ఎలా ముగిసిందో గుర్తుంది కదా. నాటకం వరకే ఉండండి. మధ్యలో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను.

లలిత_కాకినాడ | సాయంత్రం 5:10

శంకరం గారు చెప్పిన చివరి వాక్యం చదివి కాసేపు ఆగిపోయాను. చాలామంది చెప్పుకోరు అలాంటివి.

చింతామణిలో జరిగింది కూడా ఒక అడాప్టేషనే అనుకుంటాను, కాకపోతే దర్శకుడి పేరు లేనిది. ఒక్కో ఊళ్ళో ఒక్కో జోకు కలిసి, నవ్వులొచ్చినవి నిలిచి, ఆఖరికి చింతామణి మోజులో పడ్డ బిల్వమంగళుడి పశ్చాత్తాపం పక్కకి పోయి సుబ్బిశెట్టి, చింతామణి తల్లి శ్రీహరి మిగిలారు. సంస్కరణ కోసం రాసినది కాలక్షేపం అయింది.

కన్యాశుల్కానికీ అదే గతి పట్టించాం. 1892లో విజయనగరంలో మొదట ఆడినప్పుడు దాని వెనక ఉన్నది పచ్చి రాజకీయ ఉద్దేశమే. ఆనంద గజపతి మహారాజు విశాఖ జిల్లాలో లెక్క తీయించాడు. మూడేళ్ళలో డబ్బుకి అమ్మి చేసిన పెళ్ళిళ్ళు 1,034. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవాళ్ళు 99 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. గురజాడ ముందుమాటలోనే ఉన్నాయి ఈ అంకెలు. ఇప్పుడు ఏ ఉత్సవంలో చూసినా గిరీశం చుట్ట, వెంకటేశం అల్లరి, ఒక పావుగంట, చప్పట్లు, శాలువా. ఆ ఏడాది పిల్లలు ఏ సీన్లోనూ కనబడరు. రాజకీయం చొప్పించారని గొడవపడతాం, తీసేస్తే మాత్రం ఎవరూ అడగరు.

ఇంకోటి చెప్పి ఆపేస్తాను. మరాఠీలో 1907లో ఖాడిల్కర్ 'కీచక వధ' రాశాడు, తిలక్ కేసరి పత్రిక మనిషి. అందులో వైస్రాయిగా పనిచేసిన కర్జన్ పేరు లేదు, ఇంగ్లండు ఊసు లేదు. విరాటపర్వం, అంతే. కీచకుణ్ణి చూడగానే జనం కర్జన్ అనుకున్నారు, ద్రౌపది దేశం, ఓర్చుకోమనే ధర్మరాజు మితవాదులు, భీముడు అతివాదులు. 1910లో నిషేధించారు. మహాభారతాన్ని నిషేధించడం కుదరదు కాబట్టి నాటకాన్ని నిషేధించారు.

తెరచాటు | 5:48

మన దగ్గర త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' 1920లో. అది మారువేషం కూడా కాదు, సూటిగా రాముడి కథనే అటునుంచి ఇటు తిప్పి, తపస్సు చేసినందుకు రాముడి చేతిలో చచ్చిన శూద్రుడు శంబుకుడి పక్క నిలబడింది. ఆ ధైర్యం ఇప్పుడు ఏ కాలేజీ ఫంక్షన్లో చూపిస్తారో చూస్తాను. సీజర్ దూరం వాడు కాబట్టి సరిపోయింది.

హార్మోనియం_మాష్టారు | రాత్రి 8:55

నా టైపింగ్ బాగా నిదానం, మనవరాలు సాయం చేస్తోంది. నలభై ఏళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించాను. ఇంగ్లీషు నాటకాలు నేనెరగను, మీరు చెప్పినవి చదువుతుంటే మాత్రం అన్నీ చూసినట్టే ఉంది.

బలిజేపల్లివారి హరిశ్చంద్ర అందరికీ తెలుసు. కాటిసీనులో హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివారివి కావు. జాషువాగారు శ్మశానం మీద విడిగా రాసిన పద్యాలు. పాడేవాళ్ళు తెచ్చి కలిపేశారు, నాటకానికి అతుక్కుపోయాయి. ఇప్పుడవి లేకపోతే కాటిసీనే కాదంటారు జనం. అందులో ఒకటి అంటరానితనం ఈ చోట అడుగుపెట్టలేదు అని మొదలవుతుంది. బెబ్బులినీ మేకనీ పక్కపక్కన పడుకోబెట్టి జోకొట్టే చోటు ఇది అంటారు కవిగారు.

ఎనభైల్లో ఒక ఊరు, తిరునాళ్ళ. పేరు వద్దు. మేము ఇద్దరు హరిశ్చంద్రులతో వెళ్ళాం. కాటిసీను హరిశ్చంద్రుడు వేరే ఉంటాడు, గొంతు దాచుకుని రెండు గంటల రాత్రికి దిగుతాడు. మేకప్ వేసుకుంటుండగా కంట్రాక్టరు వచ్చి, ఊరి పెద్దలు చెప్పమన్నారు, ఆ ఒక్క పద్యం వదిలేసి మిగతావి కానివ్వండి అన్నాడు. మావాడు సరే అనలేదు, కాదనలేదు. కంబళి భుజాన వేసుకుంటూ నాతో, శ్రుతి ఆపొద్దు మాష్టారూ అన్నాడు.

ముందు వరస కుర్చీల్లో పెద్దలు. వెనక చాపలు. ఆ వెనక కాలవ గట్టు మీద, చీకట్లో, పేట జనం నుంచుని ఉన్నారు. వాళ్ళకి చాప లేదు. పద్యాలు వరసగా వచ్చాయి. ఆగాల్సిన చోట మావాడు ఆగలేదు. ఆ పద్యమే ఎత్తుకున్నాడు. అప్పటిదాకా పది నిమిషాలకోసారి మైకులో చదివింపులు చదివిన మనిషి నోరు మూతపడింది. పద్యం అయ్యాక ఒక్క క్షణం కప్పల అరుపులే. తర్వాత గట్టు మీంచి చప్పట్లు, వన్స్‌మోర్ అని కేక. మళ్ళీ పాడాడు. ముందు వరసలో ఒకాయన తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. గట్టు మీంచి ఒక ముసలామె దిగొచ్చి రెండు రూపాయల నోటు కంబళికి పిన్నీసుతో గుచ్చి వెళ్ళింది.

న్యూజెర్సీ_నరసు | 9:20

మాష్టారూ, చదివి మా ఆవిడకి వినిపించాను. ఒక్కటి అడగొచ్చా? ఆయన కావాలనే పాడారా, లేక అలవాటులో గొంతు అటు వెళ్ళిపోయిందా?

హార్మోనియం_మాష్టారు | 9:47

పొద్దున బస్సు కోసం నుంచున్నప్పుడు టీ బడ్డీ దగ్గర నేనూ అదే అడిగాను బాబూ. "గొంతు బాగున్న రోజు పద్యం వదులుకోకూడదు మాష్టారూ" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఆ నోటు మాత్రం పర్సులో పెట్టుకున్నాడు, పంపకంలో వేయలేదు.

సందేహాల_శంకరం | 10:15

తర్వాత ఆ ఊరు మళ్ళీ పిలిచిందా మిమ్మల్ని?

హార్మోనియం_మాష్టారు | 10:31

లేదు. ఆ రాత్రి మాట్లాడుకున్న డబ్బులో కూడా సగమే ఇచ్చారు. పక్క ఊరివాళ్ళు పిలిచారు. బేరం దగ్గరే అడిగారు, ఆ పద్యం ఉంటుందా అని.

న్యూజెర్సీ_నరసు | ఆదివారం పొద్దున 10:05

తమ్ముడికి ఈ చర్చ లింకు పంపాను. రాత్రంతా చదివాడట. గన్‌మెన్లని తీసేశాడు, పెన్ను మాత్రం ఉంచుతానంటున్నాడు. సీజర్ వేషం వేరేవాళ్ళకి ఇచ్చేసి తను సిన్నా వేస్తాడట. శంకరం గారికి నమస్కారాలు చెప్పమన్నాడు. మూడుసార్లు కిరీటం వద్దనే ముక్క పూర్తిగా ఉంటుందని కూడా.

సందేహాల_శంకరం | 10:12

పెన్ను కూడా తీసేయొచ్చుగా!

హార్మోనియం_మాష్టారు | 10:40

కత్తి అట్టదేనా అని ఒకసారి కనుక్కోండి బాబూ.